దొరికినవి కావు, దాచుకున్నవి

మోతునుయి ఎపా గురించి చదివి రెండు రోజులైంది, ఇంకా మనసులోంచి పోవట్లేదు. న్యూజిలాండ్‌లో తరనాకి ప్రాంతపు మావోరీలు తోతారా చెక్కతో చేసిన ఐదు పలకలు ఇవి. స్తంభాల మీద ఎత్తుగా కట్టే గాదెకి ఒక వైపు గోడగా ఉండేవి. ఆ గాదెని వాళ్ళు పాతకా అంటారు, తిండి పదార్థాలే కాదు, విలువైన వస్తువులూ అందులోనే పెట్టుకునేవారు. పలకల మీద పాముల్లా మెలికలు తిరిగిన ఒళ్ళు, మొనదేలిన తలలు. చూసేవాళ్ళకి శిల్పాలే కానీ, వాళ్ళకి మాత్రం పూర్వీకులు.

1820ల ప్రాంతంలో తుపాకులు చేతికొచ్చిన ఉత్తరాది తెగలు దాడులకి దిగినప్పుడు, తరనాకిలోని తె ఆతియావా అనే మావోరీ తెగవాళ్ళు ఈ పలకల్ని విప్పి చిత్తడి నేలలో పాతిపెట్టారు. గాలి తగలని బురదలో చెక్క పాడవదు. అంటే పారేయలేదు, దాచుకున్నారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే, ఎందుకంటే ఆ తర్వాత నడిచిన కథంతా వీటిని ఎవరికో 'దొరికిన' సొత్తుగా చూసింది.

1972లో తరనాకిలోనే వైతారా అనే ఊరి దగ్గర బురదలోంచి బయటపడ్డాయి. ఒక డీలర్ 6,000 డాలర్లకి కొని, ప్రభుత్వ అనుమతి లేకుండా న్యూయార్క్ పంపించేశాడు. 1973లో జెనీవాలో ఉండే జార్జ్ ఓర్టిజ్ అనే సంపన్న సేకర్త 65,000 అమెరికన్ డాలర్లకి కొన్నాడు. 1977లో ఆయన చిన్న కూతుర్ని కిడ్నాప్ చేశారు. పాప క్షేమంగా తిరిగొచ్చింది కానీ దానికి 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది, ఆ డబ్బు సర్దుకోవడానికే 1978లో తన సేకరణని లండన్‌లో సదబీస్ వేలానికి పెట్టాడు. ఆ కేటలాగ్‌లో ఈ పలకలు కనిపించాకే న్యూజిలాండ్ ప్రభుత్వం కోర్టుకెళ్ళింది.

కేసంతా ఒక్క మాట దగ్గర ఆగింది. 1962 నాటి న్యూజిలాండ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా దేశం దాటించిన చారిత్రక వస్తువు 'జప్తు అవుతుంది'. దాటిన క్షణమే ప్రభుత్వానిది అయిపోతుందా, లేక అధికారులు నిజంగా పట్టుకుంటేనే అవుతుందా? మొదటి కోర్టు న్యూజిలాండ్ వైపే చెప్పింది, అప్పీల్‌లో అది తిరగబడింది, చివరికి 1983లో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా పట్టుకుంటేనే అని తేల్చింది. సరిహద్దు దాటిపోయిన వస్తువుని న్యూజిలాండ్ అధికారులు ఎక్కడని పట్టుకుంటారు? చట్టం మాటల్ని కోర్టు సరిగ్గానే చదివిందేమో, కానీ దొంగచాటుగా దాటించినవాడికే లాభం కలిగించే ఆ అర్థం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడట్లేదు. పైగా ఆ పలకలు అసలు ఎవరు పాతిపెట్టారన్నది ఆ వాదనలో లెక్కలోకే రాలేదు.

ఓర్టిజ్ వాటిని వేలం నుంచి వెనక్కి తీసుకున్నాడు, జెనీవాలోనే ఉండిపోయాయి. 2013లో ఆయన చనిపోయాక, 2014లో ఆ కుటుంబం నుంచి న్యూజిలాండ్ ప్రభుత్వం 45 లక్షల న్యూజిలాండ్ డాలర్లు పెట్టి కొనుక్కుంది. తమ దేశం నుంచి దొంగచాటుగా పోయినవాటికే అంత ధర! అయినా ఆ డబ్బు కట్టి మంచి పనే చేశారు. ఇంకో తరం మావోరీలు వాటిని ఫొటోల్లోనే చూడాల్సిన పని తప్పింది.

ఇప్పుడు న్యూ ప్లిమత్‌లోని పుకె అరికి మ్యూజియంలో ఉన్నాయి. పాతిపెట్టిన చోటి నుంచి కారులో గంట కూడా పట్టదు.