ఇంట్లో సీఎన్‌సీ రౌటర్: పల్స్ నుంచి మూలమట్టం దాకా

జూన్ 8, ఆదివారం

ఫ్రేమ్ పని పోయిన నెలతో అయిపోయింది. ఇది సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కట్టర్‌ని కదిపి చెక్క, అల్యూమినియం కోసే మెషీన్. కట్టర్ అడ్డంగా (ఎక్స్) 400, ముందుకీ వెనక్కీ (వై) 600, పైకీ కిందికీ (జెడ్) 100 మిల్లీమీటర్లు కదులుతుంది. అన్ని యాక్సిస్‌లకీ (కదిలే దిశలకీ) 15 మిల్లీమీటర్ల లీనియర్ రైళ్లే. ఎక్స్‌కి ఒక 1605 బాల్ స్క్రూ (మోటార్ తిప్పితే యాక్సిస్‌ని నడిపే స్క్రూ), వైకి అటొకటి ఇటొకటి రెండు. 1605 అంటే 16 మిల్లీమీటర్ల లావు, చుట్టుకు 5 మిల్లీమీటర్ల నడక. జెడ్‌కి 1204. స్క్రూల చివర్లు బాలానగర్‌లో మామ తన లేత్ మీద తిప్పి ఇచ్చాడు. బాల్ స్క్రూ పైపొర బాగా గట్టిది కాబట్టి కార్బైడ్ ఇన్సర్ట్‌తో నెమ్మదిగా తీయాల్సి వచ్చింది. ఒక్కో చివరకి దాదాపు గంట పట్టింది.

ఈ రోజు నుంచి ఎలక్ట్రానిక్స్. ముందు తేల్చుకోవలసింది కంట్రోలర్ సంగతి. మోటార్లకి అడుగడుగుకీ ఆదేశం (పల్స్) పంపేది అదే.

నా దగ్గర పాత పెన్ ప్లాటర్ నుంచి మిగిలిన ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఉంది, అందులో మోటార్లు నడిపే జీఆర్‌బీఎల్. 2009లో మొదలైన ఈ ప్రోగ్రామ్ 16 మెగాహెర్ట్జ్ చిప్‌లో, 32 కిలోబైట్ల మెమరీలో సెకనుకు 30 వేల దాకా పల్స్‌లు సక్రమంగా పంపుతుంది. దాని మీద నాకు చాలా గౌరవం. మూడు మోటార్ల చిన్న మెషీన్ కట్టేవాళ్లకి ఇప్పటికీ మొదట అదే చెబుతాను. నా చిక్కల్లా వై వైపు రెండు స్క్రూలు ఉండటంతో వచ్చింది. రెండు మోటార్లకీ ఒకే పల్స్ ఇస్తే తిరుగుతాయి, కానీ కరెంట్ తీసేసిన ప్రతిసారీ గ్యాంట్రీ (ఆ రెండు స్క్రూల మీద అడ్డంగా నడిచే వంతెన) ఏదో ఒక పక్కకి రవ్వంత వంగి ఉంటుంది. రెండు వైపులా వేర్వేరు హోమ్ స్విచ్‌లు (మొదలు చోటు గుర్తించేవి), ఏ మోటార్ దాని స్విచ్ దగ్గర ఆగడం కావాలి. ఊనోలో మామూలు జీఆర్‌బీఎల్‌తో అది రాదు; కొత్త వెర్షన్‌లో వీలున్నా ప్రోగ్రామ్‌ని ప్రత్యేకంగా మళ్లీ తయారు చేసుకోవాలి, పిన్‌లూ ఇరుకే. ఈఎస్‌పీ32 బోర్డు మీద నడిచే ఫ్లూయిడ్ ఎన్‌సీ, ఇంకా పెద్ద చిప్‌ల మీద నడిచే జీఆర్‌బీఎల్ హాల్ ఆ పని చేస్తాయి. అయితే ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులు. నేను కొన్న డీఎం542 డ్రైవర్లు (పల్స్ అందుకుని మోటార్‌కి కరెంట్ ఇచ్చేవి) 5 వోల్టుల పల్స్ ఆశిస్తాయి. మధ్యలో వోల్టేజ్ పెంచే బఫర్ చిప్ లేకపోతే ఒక రోజు నడిచి మరో రోజు స్టెప్‌లు మింగేస్తాయి. ఇది ఎదురు చూడని వాళ్లు నెలల తరబడి తప్పు వేరే చోట వెతుకుతుంటారు.

నేను, కంప్యూటరే పల్స్‌లు పంపే లైనక్స్ సీఎన్‌సీ వైపు మొగ్గాను. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో పుట్టిన ప్రోగ్రామ్ అది, ఉచితం. గ్యాంట్రీకి రెండు మోటార్లుంటే రెండిటినీ ఒకే యాక్సిస్ కింద వేర్వేరు జాయింట్లుగా చూస్తుంది. పైగా వెనక ప్రింటర్ల కాలం నాటి ప్యారలల్ పోర్టున్న పాత కోర్ టూ డ్యుయో డెస్క్‌టాప్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 3,500కి దొరికింది. కొనేముందు వెనక్కి తిప్పి 25 రంధ్రాల పోర్టు బోర్డు మీదే ఉందో లేదో చూసుకున్నాను. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ దీనికి పనికిరాదు. అది ప్రింటర్‌కి సరిపోతుంది గానీ మైక్రో సెకన్ల లెక్కలో పిన్‌లు ఆడించలేదు.

జూన్ 14, శనివారం

ఇవాళంతా లేటెన్సీ పరీక్షే.

స్టెప్పర్ మోటార్‌కి ఒక పల్స్ ఒక అడుగు. అడుగులు సమానంగా పడాలి. మామూలు కంప్యూటర్ మధ్యలో ఇంకేదో పని పెట్టుకుని "ఒక్క నిమిషం" అంటుంది. ఆ ఆలస్యం ఎంతుందో కొలిచే లేటెన్సీ టెస్ట్ లైనక్స్ సీఎన్‌సీతోనే వస్తుంది. రియల్ టైమ్ కెర్నల్‌తో (పనులు వేళకి జరిగేలా మార్చిన లైనక్స్‌తో) డెబియన్ ఎక్కించి మొదటిసారి నడిపితే 2,10,000 నానో సెకన్లు చూపించింది, అంటే 210 మైక్రో సెకన్లు. 15, 20 మైక్రో సెకన్ల లోపుంటే చాలా బాగుంటుంది, 30 నుంచి 50 వరకు సరిపెట్టుకోవచ్చు, 100 దాటితే ఆ కంప్యూటర్‌తో పల్స్‌లు పుట్టించే ఆలోచన మానుకోవాలి.

వెంటనే వదిలేయలేదు. బయోస్‌లోకి (కంప్యూటర్ మూల సెట్టింగుల్లోకి) వెళ్లి, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించే స్పీడ్‌స్టెప్ ఆపాను. ప్రాసెసర్‌ని నిద్రపుచ్చే సీ1ఈ, బోర్డు మీది సౌండ్, లెగసీ యూఎస్‌బీ కూడా ఆపాను. బూట్ లైన్‌లో ఐసోల్‌సీపీయూస్ అని పెట్టి రెండు కోర్లలో ఒకదాన్ని పల్స్‌ల పనికే విడిచిపెట్టాను. ఒక్కోటీ మార్చి మళ్లీ కొలిచాను, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఎక్కువ తేడా వచ్చింది స్పీడ్‌స్టెప్ ఆపినప్పుడే. చివరికి 38 మైక్రో సెకన్లు. వీడియో ఆడిస్తూ, పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ గంటల తరబడి నడిపినా అంతకు మించలేదు. ఐదు నిమిషాల పరీక్షను నమ్మకండి. నాకు 38 కనిపించింది నాలుగో గంటలో.

జూన్ 15, ఆదివారం

ఈ 38కి డ్రైవర్ పల్స్ వెడల్పు వగైరా కలుపుకుంటే, కంప్యూటర్ 43 మైక్రో సెకన్లకి ఒకసారి పిన్ మార్చగలదు. మైక్రోస్టెప్ (మోటార్ ఒక్కో అడుగుని ఎన్ని ముక్కలు చేయాలన్నది) ఎంత పెట్టాలో తేల్చేది ఈ అంకే. ఇక్కడే నా పాత నమ్మకం ఒకటి పోయింది.

మైక్రోస్టెప్ ఎంత ఎక్కువైతే అంత నునుపు అనుకునేవాణ్ని. లెక్క వేశాను. నాకు కావలసిన వేగం నిమిషానికి 3000 మిల్లీమీటర్లు, అంటే సెకనుకు 50. చుట్టుకు 5 మిల్లీమీటర్లు కాబట్టి సెకనుకు 10 చుట్లు. చుట్టుకు 1600 పల్స్‌లు పెడితే సెకనుకు 16,000, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 62.5 మైక్రో సెకన్లు ఉండాలి. కంప్యూటర్‌కి కుదిరేది 43, లేదా దాని రెట్టింపు 86. ఒక అడుగు 43కి, మరో అడుగు 86కి పడుతుంది. సగటు సరిగ్గానే ఉంటుంది, కానీ మోటార్‌కి ప్రతి అడుగూ ఒక కుదుపు. అదే చుట్టుకు 800 పెడితే కావలసిన విరామం 125. కంప్యూటర్ ఇచ్చేది ఎక్కువగా 129, అరుదుగా 86. మోటార్ చప్పుడులోనే తేడా వినిపించింది. 1600 దగ్గర గరగరలాడింది, 800 దగ్గర ఒకే రాగం.

800ని 5తో భాగిస్తే మిల్లీమీటర్‌కి 160 స్టెప్‌లు, అంటే ఒక స్టెప్‌కి 0.00625 మిల్లీమీటర్. జెడ్ స్క్రూ నడక 4 కాబట్టి అక్కడ 200. చెక్కకీ అల్యూమినియంకీ ఇది అవసరానికి మించిన సూక్ష్మత. అంకెలు లైనక్స్ సీఎన్‌సీ సెట్టింగులు రాసే స్టెప్‌కాన్ఫ్ విజార్డ్‌లో వేసేశాను.

డబ్బుకి వెసులుబాటుంటే మాత్రం ఈ తంటా ఏదీ అక్కర్లేదు. మీసా 7ఐ76ఈ లాంటి ఈథర్‌నెట్ కార్డు పల్స్‌లను తానే పుట్టిస్తుంది. కంప్యూటర్ మిల్లీ సెకనుకు ఒకసారి వేగం చెబితే చాలు. నాలుగైదేళ్లు వాడే మెషీన్ కడుతున్నవాళ్లు మోటార్ మీద కంటే ఆ కార్డు మీద ఖర్చు పెట్టడమే మేలని నా అభిప్రాయం.

జూన్ 22, ఆదివారం

పవర్ సప్లై. ఇంట్లో ఉన్న 24 వోల్టులతో మొదలుపెట్టాను. మోటార్లు నెమా 23 సైజువి, ఫేజ్‌కి 2.8 ఆంపియర్లు, ఇండక్టెన్స్ (కాయిల్ కరెంట్ మార్పుని అడ్డుకునే గుణం) 2.5 మిల్లీహెన్రీ. నిమిషానికి 2600 మిల్లీమీటర్లు దాటగానే కుయ్‌మని ఆగిపోయాయి. మామ చూసి, "మోటర్ చిన్నగైంది అల్లుడూ, పెద్దది పెట్టు" అన్నాడు. నేనూ ముందు అదే అనుకున్నాను.

కానీ కాయిల్‌లో కరెంట్ ఎక్కడానికి సమయం పడుతుంది. వేగం పెరిగేకొద్దీ కరెంట్ నిండేలోపే తర్వాతి అడుగు వచ్చేస్తుంది. నింపాలంటే వోల్టేజ్ పెంచాలి. వాడుకలో ఉన్న లెక్క: ఇండక్టెన్స్ మిల్లీహెన్రీల వర్గమూలాన్ని 32తో గుణిస్తే గరిష్ఠ వోల్టేజ్. నా మోటార్‌కి 50 వస్తుంది. డీఎం542 హద్దు కూడా 50 వోల్టులే. మోటార్ గబుక్కున ఆగినప్పుడు వోల్టేజ్ వెనక్కి తంతుంది కాబట్టి హద్దు దాకా పోకుండా 36 వోల్టుల 350 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై తెచ్చాను. అదే మోటార్, అదే డ్రైవర్. ఇప్పుడు 4500 దగ్గర ఆగింది. 3000కి కట్టేశాను. యాక్సిలరేషన్ సెకను వర్గానికి 300 మిల్లీమీటర్లు. ఎక్స్‌ని 40 సార్లు అటూ ఇటూ పరిగెత్తించి డయల్ గేజ్ చూస్తే ముల్లు మళ్లీ సున్నా మీదికే వచ్చింది.

డ్రైవర్ మీది మొదటి మూడు స్విచ్‌లతో కరెంట్ పీక్ (అత్యధిక విలువ) 3.31 ఆంపియర్లకి పెట్టాను, ఆర్‌ఎంఎస్ (సగటు లాంటి) లెక్కన అది 2.36. గంట నడిచాక మోటార్ మీద చెయ్యి పెట్టి ఉంచగలుగుతున్నాను. ఒక డ్రైవర్ మాత్రం నా చేతుల్లో పోయింది. కరెంట్ ఉండగా మోటార్ వైర్ లాగాను. ఎంత తొందరలో ఉన్నా ముందు సప్లై ఆపి, దీపం ఆరాకే వైర్ ముట్టుకోండి.

జూలై 5, శనివారం

ప్యారలల్ పోర్టులో పంపే పిన్‌లు 12, వినే పిన్‌లు 5 మాత్రమే. నాలుగు మోటార్లకి ఎనిమిది, డ్రైవర్ ఎనేబుల్‌కి ఒకటి, స్పిండిల్‌కి (కట్టర్ తిప్పే మోటార్‌కి) రెండు. పంపేవి ఇంకా ఒకటి మిగిలింది. వినేవాటి దగ్గరే ఇరుకు: ఎమర్జెన్సీ బటన్, ప్రోబ్ (కట్టర్ పలకని తాకిందని చెప్పేది), ఎక్స్, జెడ్, వై ఎడమ, వై కుడి హోమ్ స్విచ్‌లు, మొత్తం ఆరు. వై రెండూ విడిగా ఉండి తీరాలి. అందుకని ఎక్స్, జెడ్ స్విచ్‌లను వరసగా కలిపి 13వ పిన్‌కి ఇచ్చాను. ముందు జెడ్ పైకెళ్లి హోమ్ అవుతుంది, స్విచ్ వదిలాక ఎక్స్ బయల్దేరుతుంది. ఆ స్విచ్ ఇద్దరిదని కాన్ఫిగరేషన్‌లో చెప్పడానికి హోమ్ ఈజ్ షేర్డ్ అనే లైన్ ఉంది. ఎమర్జెన్సీ 10, వై రెండూ 11, 12, ప్రోబ్ 15.

స్విచ్‌లన్నీ నార్మల్లీ క్లోజ్డ్ రకం (మామూలప్పుడు వైర్ కలిసే ఉండేవి). వైర్ తెగితే మెషీన్ ఆగాలి గానీ స్విచ్ లేదనుకుని గోడకి గుద్దుకోకూడదు. ఎమర్జెన్సీ బటన్ కంప్యూటర్‌కి చెప్పడంతో పాటు కాంటాక్టర్ (కరెంట్‌తో పనిచేసే పెద్ద స్విచ్) ద్వారా 36 వోల్టుల సప్లైని కూడా తీసేస్తుంది. కంప్యూటర్ బిగుసుకుపోయినప్పుడు దాని మాట వినే బటన్‌తో లాభం లేదు.

జూలై 12, శనివారం

రేపు లష్కర్ బోనాలు, షాపులు తెరవరని పొద్దున్నే రాణిగంజ్ వెళ్లి షీల్డ్ కేబుల్ తెచ్చుకున్నాను.

స్పిండిల్ 800 వాట్లది, గాలితో చల్లబడేది, వీఎఫ్‌డీతో (ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ వేగం మార్చే పెట్టెతో) నడుస్తుంది. వీఎఫ్‌డీ పెట్టెలోంచి వచ్చినప్పుడు 50 హెర్ట్జ్ మోటార్‌కి అమర్చి ఉంది. ఈ స్పిండిల్ 400 హెర్ట్జ్, 24,000 ఆర్‌పీఎమ్‌ది. బేస్ ఫ్రీక్వెన్సీ, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ రెండూ 400కి మార్చకుండా స్టార్ట్ నొక్కితే 50 హెర్ట్జ్ దగ్గరే పూర్తి వోల్టేజ్ పోయి కాయిల్ కాలిపోతుంది. మార్చి, కింది హద్దు 120కి పెట్టాకే తిప్పాను.

స్పిండిల్ తిరగ్గానే వై హోమ్ స్విచ్ తనంతట తానే పడింది. స్విచ్ బాగానే ఉంది. వీఎఫ్‌డీ కేబుల్ నుంచి నాయిస్ పక్కనున్న వైర్లలోకి పాకుతోంది. స్పిండిల్‌కి షీల్డ్ కేబుల్ వేసి, షీల్డ్‌ని వీఎఫ్‌డీ వైపు ఎర్త్‌కి కలిపాను. స్విచ్ వైర్లను వేరే ట్రేలోకి మార్చాను. 5 వోల్టుల మీదున్న స్విచ్‌లను 24 వోల్టులకి మార్చి ఆప్టో కప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించే చిప్) గుండా లోపలికి ఇచ్చాను. మూడూ చేశాక రెండు గంటలు నడిపినా ఒక్కసారీ పడలేదు.

జూలై 26, శనివారం

వై కుడి వైపు 0.09 మిల్లీమీటర్ల ప్లే (వదులు). లైనక్స్ సీఎన్‌సీ సెట్టింగుల ఇనీ ఫైల్‌లో బ్యాక్‌లాష్ అనే లైన్‌లో ఆ అంకె వేస్తే సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. వేద్దామనే కూర్చున్నాను. మామ గేజ్ తీసుకుని స్క్రూ చివరే ఆనించి చెయ్యితో నెట్టి చూశాడు. "నట్టుల లేదు అల్లుడూ, బేరింగ్ కాడనే ఉన్నది. గది బిగించకుండ కంప్యూటర్ల ఏం రాస్తవ్?" అన్నాడు. స్థిరంగా పట్టుకునే బీకే12 బ్లాక్‌లో లాక్ నట్ వదులైంది. బిగించాక 0.02. బ్యాక్‌లాష్ లైన్ సున్నాగానే ఉంచాను. కట్టర్ నెట్టుడుకి యాక్సిస్ ఊగే చోట సాఫ్ట్‌వేర్ సర్దుబాటు వల్ల లాభం లేదని మామ చేసిన ఆ పరీక్ష చూశాకే నాకు అర్థమైంది.

ఆగస్టు 3, ఆదివారం

గ్యాంట్రీ మూలమట్టం, అంటే ఎక్స్, వై ఒకదానికొకటి సరిగ్గా లంబంగా ఉండటం. ఇల్లు కట్టే మేస్త్రీలు తాడుతో వేసే 3, 4, 5 లెక్కే. ప్లైవుడ్ పలక మీద 300కి 400 దీర్ఘచతురస్రం మూలల్లో నాలుగు రంధ్రాలు వేసి, 6 మిల్లీమీటర్ల పిన్‌లు దింపి, మామ దగ్గరి 24 అంగుళాల వెర్నియర్‌తో రెండు కర్ణాలూ కొలిచాను. పిన్ మధ్య నుంచి మధ్యకి రెండూ 500 రావాలి. తేడా 0.8 వచ్చింది.

ఆ తేడాని 480తో భాగిస్తే వంపు వస్తుంది (300, 400, 2 గుణించి 500తో భాగిస్తే ఆ 480). నా రెండు వై స్క్రూల మధ్య దూరం 520. 0.8ని 480తో భాగించి 520తో గుణిస్తే 0.87. వై కుడి జాయింట్ (కుడి మోటార్) హోమ్ ఆఫ్‌సెట్‌లో, అంటే దాని హోమ్ చోటు సర్దుబాటులో, 0.87 కలిపాను. తేడా 1.6 అయింది, గుర్తు తిరగబడిందన్నమాట. తీసేసి అటువైపు మార్చి మళ్లీ హోమ్ చేసి కొత్త రంధ్రాలు వేస్తే తేడా 0.05. రెండు జాయింట్లకీ హోమ్ సీక్వెన్స్ (హోమ్ అయ్యే వరస) అంకె మైనస్‌లో ఒకటే ఉంటే చివరి కదలిక రెండూ కలిసి చేస్తాయి. ఆ మైనస్ మరిచిపోతే ఒక వైపు ముందు పోయి గ్యాంట్రీ మెలి తిరుగుతుంది.

ఆగస్టు 10, ఆదివారం

మొదటి అల్యూమినియం. 6 మిల్లీమీటర్ల 6061 పలక, 3 మిల్లీమీటర్ల ఒంటి అంచు కట్టర్. 300 హెర్ట్జ్ అంటే 18,000 ఆర్‌పీఎమ్, చుట్టుకి 0.02 మిల్లీమీటర్ల కోత, కాబట్టి నిమిషానికి 360. ఒక్కో పాస్ 0.3 లోతు. సన్నగా స్ప్రే చేసిన కిరోసిన్ బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడదామనుకున్నాను గానీ, రెండూ మండేవే. స్పిండిల్ పక్కన నిప్పురవ్వ భయం ఎందుకని గాలి ఊదుడుతోనే సరిపెట్టాను. పొట్టు వెండి పలుకుల్లా ఎగిరింది, ఎక్కడా అంటుకోలేదు.

చేసింది మామ లేత్ టూల్ పోస్ట్ కింద వేసే 40కి 60 దిమ్మ. వెర్నియర్‌లో 40.03, 59.98. మామ వేలితో అంచు తడిమి జేబులో వేసుకున్నాడు, ఇంకో మూడు కావాలన్నాడు. వచ్చే వారం ప్రోబ్ వైర్ కలిపి అవి కోయాలి.