ఛాసిస్ ఏదన్నా?

నేను బాలానగర్‌లో మెషిన్ ఫిక్చర్లు (పని జరిగేటప్పుడు భాగాన్ని కదలకుండా పట్టుకునే సాధనాలు) డిజైన్ చేస్తాను. ఏది చూసినా ముందు బోల్టులు ఎక్కడున్నాయో వెతకడం అలవాటైపోయింది. మొన్న ఒక మిత్రుడి అప్రీలియా ఆర్ఎస్ 660 బైకు (2025కి ముందు మోడల్) ఫెయిరింగ్, అంటే పైన కప్పే ప్లాస్టిక్ తొడుగు, విప్పి ఉంటే దాని చుట్టూ తిరుగుతున్నాను. మా షాపు కుర్రాడు కాసేపు చూసి, "ఛాసిస్ ఏదన్నా?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. ఛాసిస్ అంటే బండి భాగాలన్నిటినీ మోసే ఫ్రేము, ఇందులో ఆ పని చాలావరకు ఇంజనే చేస్తుంది. హ్యాండిల్ దగ్గర్నుంచి రెండు అల్యూమినియం బీములు వచ్చి ఇంజనుకి బిగిసిపోతాయి. వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి, స్వింగార్మ్, నేరుగా ఇంజను కేసుకే ఉంటుంది. గుంతలో పడితే ఆ దెబ్బ మోసేదీ ఇంజనే. వెనక షాకబ్జార్బర్‌ని స్వింగార్మ్‌కి కలిపే లింకేజీ (మధ్యలో ఉండే చిన్న లివర్లు) కూడా పెట్టలేదు. ఇన్ని మానేశారు కాబట్టే పెట్రోలుతో సహా బరువు 183 కిలోలే. పవర్ మాత్రం 100 హెచ్‌పీ. కాకపోతే ఇంజను దించాలంటే బండి మొత్తం ఊడదీయాలి. రిపేరు చేసే చేతులకి ఇది నచ్చదు, నాకూ పూర్తిగా నచ్చలేదు.

ఇంజను మాత్రం అందంగా ఆలోచించారు. అప్రీలియా వాళ్ల పెద్ద వీ4లో (V ఆకారంలో నాలుగు సిలిండర్లున్న ఇంజను) ముందు వరస రెండు సిలిండర్లే దీనికి మూలం. బోరు (సిలిండర్ వెడల్పు) అదే 81 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 63.9కి పెంచి 659 సీసీ చేశారు.

అసలు తెలివి క్రాంకులో, అంటే పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసులో, ఉంది. పిస్టన్ వేగం పుంజుకునేటప్పుడు క్రాంకు నుంచి శక్తి లాక్కుంటుంది, ఆగేటప్పుడు తిరిగిచ్చేస్తుంది. రెండు పిస్టన్లూ ఒకేసారి లాగి, ఒకేసారి వదిలితే ఆ ఎగుడుదిగుడు వెనక టైరు దాకా వెళ్తుంది. రెండు పిస్టన్లనీ క్రాంకు మీద ఎన్ని డిగ్రీల తేడాతో అమర్చారన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. 360 డిగ్రీల క్రాంకులోనూ, 180లోనూ జరిగేది ఇదే. దీనిలోలా 270 పెడితే ఒకటి ఆగేసరికి రెండోది దాదాపు ఫుల్ స్పీడులో ఉంటుంది. ఇది వదిలింది అది అందుకుంటుంది. మూలమలుపులో థ్రాటిల్ తెరిచినప్పుడు టైరు పట్టు ఎంతుందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అందరూ మెచ్చుకునే ఆ దడదడ సౌండ్ దీని వెంట ఊరికే వచ్చిందే. యమహా 1995లో టీఆర్ఎక్స్ 850కి ఈ క్రాంకు పెట్టింది, ఆ తర్వాత చాలామంది అదే దారి పట్టారు.

"మరి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్‌కి కూడా 270యే కదన్నా, దానికి 47 హెచ్‌పీయే ఎందుకు?" అన్నాడు మా కుర్రాడు. వీడు చదువుతున్నాడు! సీసీ కూడా దాదాపు అంతే, 648. లెక్క మాత్రం సులువు. పవర్ అంటే టార్కుని (తిప్పే బలం) ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లు) గుణించడమే. ఎన్‌ఫీల్డ్ టార్కు 52 న్యూటన్ మీటర్లు, దీనిది 67. అది 7,250 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ పవర్ ఇస్తే ఇది 10,500 దాకా వెళ్తుంది. రెండు తేడాలూ కలిస్తే పవర్ రెట్టింపు దగ్గరకి వస్తుంది. అంత వేగంలో ఇంజనుకి గాలి అందాలి, వేడి బయటికి పోవాలి. అందుకే దీనికి రేడియేటరు, రెండు క్యామ్‌షాఫ్టులు (గాలి లోపలికి, పొగ బయటికి పంపే వాల్వులు తెరిచే ఇరుసులు). ఎన్‌ఫీల్డ్‌కి ఒక క్యామ్, చల్లబరచడానికి గాలీ ఆయిలూ చాలు. రోజూ ఆఫీసుకి వెళ్లడానికైతే నేను ఆ ఎన్‌ఫీల్డే తీసుకుంటాను.