జమ ఎవరి పేరున?

బీకాం కంప్యూటర్స్ పాసయ్యాక ఐదు నెలల్లో మూడు ఇంటర్వ్యూలకి వెళ్లాను. మూడూ విజయవాడలోనే. గుంటూరులో అకౌంట్స్ ఉద్యోగాలు లేక కాదు. నేను చూసినంతలో ఇక్కడ చాలావరకు తెలిసినవాళ్ల నోటిమాట మీదే పోతాయి. మా నాన్న మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమస్తా. తల్చుకుంటే పదిమందిని అడగ్గలడు. అడగనని ముందే చెప్పేశాడు. "అడిగితే ఇస్తారమ్మా. రేపు నువ్వు లెక్క తప్పు రాస్తే వచ్చి నన్నడుగుతారు" అన్నాడు.

దాంతో అందరిలాగే నేనూ బ్రాడీపేటలో ఓ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నెల రోజులు, ట్యాలీతో (కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) పాటు 'ఇంటర్వ్యూ స్కిల్స్' ఉచితం. ఆ ఉచితం కింద రెండు కాగితాలిచ్చారు. ఒకటి రెజ్యూమే నమూనా, ఇంకోటి 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్'కి జవాబు. బ్యాచ్‌లో పదహారుమందిమి. పదహారుమందికీ జీవితాశయం ఒకటే, బలహీనత కూడా ఒకటే: 'ఐ యామ్ ఎ పర్ఫెక్షనిస్ట్'. హాబీల దగ్గర మాత్రం ఎవరిష్టం వాళ్లదన్నారు. నేను గార్డెనింగ్ అని రాశాను. మాది మేడ మీద రెండు గదుల వాటా. తులసి కుండీ ఒకటుంది, దానికి నీళ్లు పోసేది అమ్మ.

మొదటి ఇంటర్వ్యూ బెంజ్ సర్కిల్ దగ్గర ఓ ఆఫీసులో. బస్సు కాజ టోల్‌గేటు దాటేలోపు ఆ జవాబు మూడుసార్లు అప్పజెప్పుకున్నాను. లోపల ఓ పెద్దాయన నా రెజ్యూమే చూస్తూ "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. నా నోట్లోంచి "గుడ్ మార్నింగ్ సర్, మైసెల్ఫ్..." అని మొదలైంది. మొదలయ్యాక ఆగదు కదా, పేరా అంతా అయ్యేదాకా ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత "తెలుగులోనే చెప్పమ్మా, పర్లేదు. హార్డ్‌వర్కర్‌నన్నావుగా, ఇప్పటిదాకా ఏం పని చేశావు?" అన్నారు. తెలుగులో నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషులోనూ లేదు, కాకపోతే అందులో ఆ సంగతి కనపడదు.

రెండోది గవర్నర్‌పేటలో, ఓ హోల్‌సేల్ మందుల కంపెనీ. ఈసారి మాటల్లేవు, నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. టేబుల్ మీద కీబోర్డు ఉంది, మౌసు లేదు. అడిగితే "మా దగ్గర ఎవరూ వాడరు" అన్నాడు అక్కడి అకౌంటెంటు. నేను ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతిదీ మౌసుతో నొక్కి నేర్చుకున్నదాన్ని. ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్ అని నోటికి వచ్చు గానీ వేళ్లకి రావు. మొదటి ఎంట్రీ, బ్యాంకు నుంచి పదివేలు డ్రా చేసి క్యాష్‌లో పెట్టడం. డబ్బొచ్చింది కదాని రిసీట్ కొట్టాను. అది కాంట్రా, ఎఫ్4. మన డబ్బే ఓ జేబులోంచి ఇంకో జేబులోకి మారింది, బయటినుంచి ఎవరూ ఇవ్వలేదు. రెండో ఎంట్రీ అడగలేదు. "ఫోన్ చేస్తామమ్మా" అన్నారు. ఫోన్ రాలేదని వేరే చెప్పాలా?

ఆ రోజు తిన్నగా బస్టాండుకి పోబుద్ధి కాలేదు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర తచ్చాడి, ఇంటర్ ఫస్టియర్ అకౌంటెన్సీ పుస్తకం ఒకటి బేరమాడి కొన్నాను. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఇంటర్ పుస్తకం కొనడమేమిటని అమ్మ. నాన్న ఏమీ అనలేదు, మర్నాడు కొట్టు నుంచి వస్తూ బస్తా గుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం ఒకటి తెచ్చాడు. పాత చిట్టా, కొట్టు రోజువారీ లెక్కలు చేత్తో రాసే పుస్తకం. కొట్టుకి కంప్యూటరొచ్చి ఏళ్లయినా మా నాన్నగారి షావుకారు చిట్టా మానలేదు. ఆయన్నడిగి తెచ్చాడట. (ఉద్యోగం అడగనన్న మనిషి చిట్టాకైతే అడిగాడు.) తెరవగానే నాలుగు తుమ్ములొచ్చాయి. ప్రతి పేజీ మడతలోనూ ఎర్రటి మిరప దుమ్ము.

వానాకాలం యార్డుకి కొత్త కాయ రాదు, కోల్డ్ స్టోరేజీ సరుకే. నాన్న చీకటి పడకముందే ఇల్లు చేరేవాడు. స్నానం చేసొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు, నేను ల్యాప్‌టాప్ పెట్టుకుని కింద. ఆయన చిట్టాలోంచి ఒక్కో పద్దూ చదివితే నేను ట్యాలీలో కొట్టాలి. మౌసు బీరువాలో పెట్టి తాళం వేశాను. ట్యాలీ కొనుక్కునే స్తోమత లేదు కాబట్టి నేర్చుకునేవాళ్లకి ఉచితంగా వచ్చే ఎడ్యుకేషనల్ మోడ్. అందులో ఒకటి, రెండు, ముప్ఫై ఒకటి తారీకులే తీసుకుంటుంది. దాంతో తేజ కాయ, బాడిగ కాయ, హమాలీ, కాటా కూలీ, నెలంతా యార్డులో జరిగిన వ్యాపారం నా దగ్గర రెండు మూడు రోజుల్లో జరిగిపోయేది. "ఇంత వేగంగా అమ్ముడుపోతే మా షావుకారు ఇంకో కొట్టు పెట్టేవాడే" అనేవాడు నాన్న.

మూడో రోజో నాలుగో రోజో గొడవ వచ్చింది. ఫలానా ఆయన తెచ్చిన వెయ్యి రూపాయల్ని నాన్న "జమ" అని చదివాడు, అంటే క్రెడిట్. నేను డబ్బు లోపలికొస్తే క్యాష్ డెబిట్ అన్నాను. "డెబిట్ అంటే ఖర్చు కాదూ? వచ్చిన డబ్బు ఖర్చెట్టా అవుద్ది?" అన్నాడు. నేను ఇన్‌స్టిట్యూట్ సూత్రం చదివాను, వచ్చేదాన్ని డెబిట్ చెయ్యి, పోయేదాన్ని క్రెడిట్ చెయ్యి అని. ఆయన కాసేపు చిట్టా వంకే చూసి, "నేను డబ్బుకి జమ రాయలేదమ్మా. డబ్బు తెచ్చినాయన పేరున జమ రాశాను. ఆయనకి మనం బాకీ పడ్డాం, లేదా ఆయన బాకీ తీరింది. నువ్వు గల్లాపెట్టె పేరున కూడా రాస్తున్నావు. ఆయన ఇచ్చాడు కాబట్టి ఆయనకి జమ. పెట్టె పుచ్చుకుంది కాబట్టి పెట్టెకి ఖర్చు. ఇందులో కొట్లాటేముంది?" అన్నాడు.

మూడేళ్లు డిగ్రీ చదివి, క్రెడిట్ అంటే మంచిదీ డెబిట్ అంటే చెడ్డదీ అన్నట్టే లోపల ఎక్కడో ఉండిపోయింది నాకు. ఎవరి పేరున రాస్తున్నాం అని ఒక్క ప్రశ్న వేసుకుంటే అంతా సర్దుకుంది. అప్పటినుంచి ఏ ఎంట్రీ అయినా ముందు తెలుగులో గొణుక్కునేదాన్ని. ఇప్పటికీ అంతే.

అరండల్‌పేటలో ఓ ఆడిటర్ దగ్గర పనిచేసే మా పక్కింటి అక్క జీఎస్టీ సంగతి చూసుకుంది. నెలనెలా వేసే రిటర్నుల గడువులు, జీఎస్‌టీఆర్-1 పదకొండో తారీకు, 3బీ ఇరవయ్యో తారీకు లాంటివి బస్సులో కూడా నేర్చుకోవచ్చు, ముందు బిల్లు చదవడం నేర్చుకోమంది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం: మనకి 37, తెలంగాణకి 36. తర్వాతి పదీ పాన్ నంబరు, అందులో నాలుగో అక్షరం పీ అయితే మనిషి, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, సీ అయితే కంపెనీ. ఆటగా ఉండేది. కిరాణా కొట్టు బిల్లు, టిఫిన్ సెంటర్ బిల్లు, ఏది దొరికినా ఎవరిదో చదివేదాన్ని. అమ్మకి విసుగొచ్చి బిల్లులు నా కంట పడకుండా పోపుల డబ్బాలో దాచిపెట్టడం మొదలుపెట్టింది.

మూడోది ఆటోనగర్‌లో, లారీ స్పేర్ పార్టుల వ్యాపారం. రెజ్యూమే మళ్లీ రాసుకున్నాను. గార్డెనింగ్, పర్ఫెక్షనిస్టు రెండూ తీసేసి, 'ఒక కమీషన్ కొట్టు పాత చిట్టాని ట్యాలీలోకి ఎక్కించాను' అని ఒక వాక్యం పెట్టాను. యజమాని, ఆయన పక్కన వాళ్ల ఆడిటర్. బయట ఎవరో ఇనుము కోస్తున్నారు, ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడగాల్సొచ్చింది.

ఆడిటర్‌గారు ఆ వాక్యం మీద వేలు పెట్టి, "బ్యాంకులో ఐదువేలు వేశావు. నీ పుస్తకంలో బ్యాంకు డెబిట్. పాస్‌బుక్‌లో క్రెడిట్ అని ఎందుకుంటుంది?" అన్నారు. "ఆ పుస్తకం బ్యాంకువాళ్లు రాసుకునేది కదండీ. వాళ్లకి నేను డబ్బు తెచ్చిన మనిషిని, నా పేరున జమ రాశారు. నా పుస్తకంలో పుచ్చుకుంది బ్యాంకు, అది నాకు బాకీ" అన్నాను. ఆయన యజమాని వంక చూశారు. యజమానేమో సొరుగులోంచి మూడు బిల్లులు తీసి నా ముందు వేసి, "వీటిలో ఏది ఎక్కించకూడదు?" అన్నారు.

రెండు మామూలువే. మూడోది హైదరాబాదు నుంచి వచ్చిన బేరింగుల బిల్లు. సరుకు 42,000, దాని మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9 శాతం 3,780, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 శాతం మరో 3,780, మొత్తం 49,560. లెక్క తప్పు లేదు. మళ్లీ కూడి చూశాను, అంతే వచ్చింది. చెవుల్లో ఇనుము కోత. అప్పుడు అక్క చెప్పినట్టు నంబర్లు చదివాను. అమ్మినవాళ్లది 36, కొన్నవాళ్లది 37. "రాష్ట్రం దాటి వచ్చిన సరుకండీ, ఐజీఎస్టీ 7,560 వెయ్యాలి. తెలంగాణ ఎస్‌జీఎస్టీ మనం కట్టే పన్నులోంచి తగ్గించుకునే ఇన్‌పుట్‌గా రాదు" అన్నాను. "మరి ఈవే బిల్లేది?" అన్నారాయన వెంటనే, సరుకు రవాణాకి తీసుకునే ఆన్‌లైన్ పత్రం గురించి. "పన్నుతో కలిపినా 50,000 దాటలేదుగా, అక్కర్లేదు." అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు కొంచెం వణికింది.

జీతం దగ్గర నేను చేతకానిదాన్నే. 15,000 అడగమని అక్క వారం రోజులు నూరిపోసింది. ఆయన "పన్నెండు" అనగానే నేను "సరేనండీ" అనేశాను. ఆడిటర్‌గారే "రోజూ గుంటూరు నుంచి రావాలి కదా, పదమూడు చెయ్యండి" అన్నారు. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చిట్టా మళ్లీ గుడ్డలో చుట్టి నాన్న కొట్లో ఇచ్చేశాడు. మొదటిరోజు ఆటోనగర్‌లో నా టేబుల్ మీద ఉన్న మొదటి కాగితం ఆ హైదరాబాదు బిల్లు. పరీక్ష కోసం పెట్టిందనుకున్నాను ఇన్నాళ్లూ. కాదట, వచ్చి నెలయింది, వాళ్లకి ఫోన్ చేసి మార్పించేవాళ్లు లేక సొరుగులో పడుంది. ఫోన్ చేశాను. అవతలి కుర్రాడు "ఎల్లుండికి పంపిస్తా మేడం" అన్నాడు. నన్ను మేడం అన్నది అతనే మొదలు. బిల్లు మాత్రం ఎల్లుండికి రాలేదు, పన్నెండు రోజులు పట్టింది.