కణితి చుట్టూ నల్లబడిందా? అప్పుడే కత్తెర

కిడ్నీలో కణితి వరకే తీసే పార్షియల్ నెఫ్రెక్టమీలో కిడ్నీకి నెత్తురు తెచ్చే మెయిన్ ఆర్టరీకి బుల్‌డాగ్ క్లాంప్ (రక్తనాళాన్ని తాత్కాలికంగా నొక్కి మూసే చిన్న క్లిప్పు) పెడితే కోత శుభ్రంగా సాగుతుంది, కానీ ఆ క్షణం నుంచి కిడ్నీ మొత్తానికీ పస్తే. 25 నిమిషాలు దాటనివ్వకూడదని అందరం చూస్తాం. సెలెక్టివ్ క్లాంపింగ్‌లో కణితికి నెత్తురు పోసే కొమ్మ ఒక్కటే మూస్తాం.

రెండు కిడ్నీలూ బాగుండి, చిన్న కణితి పైకే ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. అలాంటివాళ్లలో రెండు పద్ధతులనూ పోల్చి చూసిన అధ్యయనాల్లో కిడ్నీ పనితీరులో పెద్ద తేడా కనబడలేదు. ఒకే కిడ్నీ ఉన్నవాళ్లకూ, క్రియాటినిన్ ముందే పెరిగినవాళ్లకూ మాత్రం తప్పకుండా ప్రయత్నించాలి.

సగం పని సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్)లోనే అయిపోవాలి. ఆర్టీరియల్ ఫేజ్‌లో, అంటే స్కాన్ మందు ఆర్టరీల్లో నిండి ఉన్నప్పుడు, 1 ఎంఎం స్లైసులు తీయించి, కణితికి వెళ్లే కొమ్మలెన్నో, అవి ఎక్కడ చీలుతున్నాయో లెక్కపెట్టుకోవాలి. అదనపు ఆర్టరీ సుమారు నలుగురిలో ఒకరికి ఉంటుంది. చీలిక హైలమ్ (రక్తనాళాలు కిడ్నీలోకి దిగే చోటు) బయటే ఉంటే సులువు. సైనస్ (హైలమ్ వెనక కిడ్నీలో ఉండే కొవ్వు నిండిన గుంత) లోపలైతే కొవ్వు తవ్వుతూ పోవాలి, సన్నని సిర కొమ్మలు తెగేది అక్కడే.

ఏ కొమ్మ పట్టినా, ముందు మెయిన్ ఆర్టరీని విడదీసి చుట్టూ లూప్ (అవసరమైతే లాగి పట్టుకునే మెత్తని తాడు) వేసి ఉంచాలి. ఇది మానేసి నేరుగా కొమ్మల దగ్గరికి పోవడం పెద్ద తప్పు.

క్లాంప్ పెట్టాకే ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) రంగు ఇవ్వాలి. నెత్తురు పారే చోట ఇది ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో పచ్చగా, పారని చోట నల్లగా కనిపిస్తుంది. 25 మి.గ్రా. వయల్‌ను 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌లో కలిపి, అందులో 2 నుంచి 3 మి.లీ. సిరలోకి ఇస్తే నిమిషంలోపే కిడ్నీ పచ్చగా వెలుగుతుంది. అయోడిన్ ఎలర్జీ ఉందేమో ముందే అడగాలి. క్లాంప్‌కి ముందే రంగు ఇస్తే అది మూసిన భాగంలోనే చిక్కుకుని పచ్చగా ఉండిపోతుంది, ఇక పరీక్షకు అర్థం లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడ. కణితి నల్లగా కనిపించగానే క్లాంప్ సరిగ్గా పడిందనుకుంటారు. నెత్తురు పారుతున్నా చాలా కిడ్నీ క్యాన్సర్లు ఈ రంగును పట్టవు. చూడాల్సింది కణితి చుట్టూ ఉన్న మంచి కిడ్నీ అంచును. అది చుట్టూతా నల్లబడాలి. ఒక పక్క నెలవంకలా పచ్చదనం మిగిలితే ఇంకో కొమ్మ ఉన్నట్టే: దాన్ని పట్టండి, దొరక్కపోతే మెయిన్ మూసేయండి. కొమ్మలు ఎండ్ ఆర్టరీలు (ఒకదానితో ఒకటి కలవనివి) కనుక పక్క సెగ్మెంట్ సాయం చేసే అవకాశం లేదు, ఆ పచ్చదనానికి వేరే కారణం వెతకొద్దు.

సిర మూయం కాబట్టి కోతలో నల్లటి నెత్తురు ఊరుతుంది, కీహోల్ ఆపరేషన్‌లో పొట్టలో నింపే గ్యాస్ ప్రెషర్‌ను 12 నుంచి 15 ఎంఎం హెచ్‌జీకి పెంచితే చాలావరకు తగ్గుతుంది. ఎర్రగా చిమ్మితే సక్షన్‌తో వెంటపడొద్దు, లూప్ లాగి మెయిన్‌కి బుల్‌డాగ్ వేయండి. అడుగున 3-0 బార్బ్‌డ్ (జారిపోకుండా చిన్న ముళ్లున్న) దారంతో ఒక వరస కుట్టి క్లాంప్ తీసేస్తే, కారే చోట్లు కళ్లెదుటే కనిపిస్తాయి. వాటికి కుట్లు వేసి, పై వరసను క్లిప్పులతో బిగించాలి.

పేషెంట్ ఇంటికెళ్లేటప్పుడు ఒక మాట చెప్పి పంపాలి: తర్వాతి కొన్ని వారాల్లో ఎప్పుడు మూత్రం ఎర్రబడినా వెంటనే రావాలి. కుట్టిన చోట సూడో అన్యూరిజం (దెబ్బతిన్న ఆర్టరీ నుంచి నెత్తురు కారి ఏర్పడే బుడగ) అయ్యుండొచ్చు. సీటీ యాంజియోలో అది కనబడితే ఎంబలైజేషన్‌తో (రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి కారే కొమ్మను లోపలి నుంచి మూసి) ఆపొచ్చు, కిడ్నీ దక్కుతుంది.