పడవలో ఎవరో ఉన్నారు

పదకొండున్నరైంది. అందరూ పడుకున్నారు. నా బుర్రలోంచి మాత్రం స్కూటీ అద్దం పోవడం లేదు.

పొద్దున్న సెల్లార్‌లోకి దిగితే కుడివైపు అద్దం ముక్కలై కింద పడుంది. ఎవరో కారు వెనక్కి తీస్తూ తగిలించి వెళ్ళిపోయారు. చీటీ లేదు, ఫోన్ లేదు. వాచ్‌మన్‌ని అడిగితే "మోటారు దగ్గరున్నానమ్మా" అన్నాడు. కెమెరా పనిచేయక మూడు నెలలు. మెయింటెనెన్స్ మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టాలి! రోజంతా లిఫ్టులో ఎవరు కనబడినా 'వీళ్ళేనా' అనుకుంటూ మొహాలు చూశాను. ఆరో అంతస్తు ఆయన ఎప్పుడూ లేనిది నవ్వి పలకరించాడు. అదీ అనుమానమే.

అత్తయ్య మామూలే, "శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదమ్మా" అని తేల్చేశారు. నిన్న పాలవాడు ఆలస్యంగా వచ్చినప్పుడు ఆ ఆజ్ఞ ఏమైందో.

పోయిన నెల గాలివానకి ఆఫీసు బయట వేపకొమ్మ పడి ఇదే బండి సీటు చిరిగింది. అప్పుడు కోపమే రాలేదు, టేపు అంటించుకుని వచ్చేశాను. పాతకాలపు చైనా తాత్వికుడు జువాంగ్‌జి పేరుమీదున్న పుస్తకంలో, 20వ అధ్యాయంలో, సరిగ్గా ఇదే ఉంది. నది దాటుతుంటే ఖాళీ పడవ కొట్టుకొచ్చి తగిలితే ఎంత ముక్కోపికీ కోపం రాదట. అందులో మనిషుంటే మాత్రం రెండుసార్లు అరిచి, మూడోసారి తిట్లకి దిగుతాడు.

నరసాపురం రేవు గుర్తొచ్చింది. తాతయ్యతో పంటు మీద సఖినేటిపల్లి వెళ్తున్నాం. తాడు తెగిన నావ ఒకటి వచ్చి ఢీకొడితే నా జీళ్ళ పొట్లం గోదాట్లో పడింది. నేను ఏడుపు. తాతయ్య నవ్వేసి, "గోదారమ్మకీ జీళ్ళిష్టమేనే" అన్నారు. ఆ తాతయ్యే, చేనుగట్టు జానెడు జరిపాడని సొంత తమ్ముడితో పద్నాలుగేళ్ళు మాట్లాడలేదు. పెళ్ళిళ్ళలో ఒకే బంతిలో కూర్చోబెడితే విస్తరి ముందునుంచి లేచిపోయేవారు. చిన్నతాతయ్య పోయిన రోజు ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చారు.

కాబట్టి ఎదుటి పడవ ఖాళీ అనుకుంటే గొడవే లేదు అని రాద్దామనే కూర్చున్నాను. కథ మళ్ళీ చదివితే తెలిసింది, పప్పులో కాలేశానని. అది లూ రాజ్య ప్రభువుకి చెప్పిన కథ. దేవతల్ని కొలుస్తున్నా, యోగ్యుల్ని గౌరవిస్తున్నా, అయినా ఆపదలు తప్పట్లేదని ఆయన దిగులు (అచ్చం మా అత్తయ్యే). నిన్ను నువ్వు ఖాళీ చేసుకో, ఇక నీకెవరు హాని చేస్తారు అన్నది ఆయనకి దొరికిన జవాబు. ఖాళీ కావలసిన పడవ నాదన్నమాట.

ఇంకో చైనా తాత్వికుడు లావోజి ఇంకో అడుగు ముందుకేసి ఆజ్ఞ ఇచ్చేవాడినే తీసేశాడు. ఆయన పేరుమీదున్న 'తావో తె చింగ్' 5వ అధ్యాయంలో, భూమ్యాకాశాలకి దయ లేదు, అన్నిటినీ గడ్డికుక్కల్లా చూస్తాయి అంటాడు. పూజయ్యాక పారేసే బొమ్మలవి. మన చవితి పత్రిలాగా అనుకోండి.

ఇదంతా బాగానే ఉంది గానీ నాకు పూర్తిగా మింగుడు పడలేదు. గట్టు జరిపింది తమ్ముడు కాదు, గాలి అనుకుంటే తాతయ్యకి కోపం తగ్గేదే. కానీ తమ్ముడు గాలైపోయాక, మళ్ళీ మాట కలపడానికి ఎవరుంటారు?

ఇది చదివి వినిపిస్తే మా ఆయన కళ్ళు తెరవకుండానే, "నిన్న నీ బండి సగం గీత బయటే పెట్టావు, చెబుదామనుకున్నా" అన్నారు.

సరే, పెట్టాను. అయినా ఒక్క చీటీ రాసి సీటు మీద పెట్టడానికి ఏమైంది?