పెళ్లి చేసుకోవాలన్నా సర్కారు పర్మిషనే

ముత్తమ్మ గారి కేసు జడ్జిమెంటు మొన్న మళ్లీ చదివా, చిన్నదే, ఓపికుంటే మీరూ చదవండి. 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసులో, అంటే విదేశాల్లో మన దేశం తరఫున పనిచేసే ఉద్యోగంలో, చేరిన మొదటి మహిళ ఆవిడ. అప్పట్లో ఆ సర్వీసు 1961 రూల్సు ఏంటంటే, ఆడ ఆఫీసరు పెళ్లి చేసుకోవాలంటే ముందు గవర్నమెంటు దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాలి, చేసుకున్నాక ఇంటి బాధ్యతలతో పని దెబ్బతింటుందని వాళ్లకి అనిపిస్తే రిజైన్ చెయ్యమంటారు. మగవాళ్లకి ఇవేం లేవు, వాళ్లకి ఇల్లూ పిల్లలూ ఉండరు కాబోలు!

ప్రమోషన్ ఆపేస్తే ఆవిడ సుప్రీంకోర్టుకెళ్లారు. ఇక్కడే నాకు నవ్వొచ్చేది. కేసు తేలేలోపు ప్రమోషన్ ఇచ్చేశారు, పెళ్లి పర్మిషన్ రూలు తీసేశారు, పెళ్లయిన ఆడవాళ్లకి ఈ ఉద్యోగం హక్కు కాదన్న ఇంకో రూలు కూడా తీసేస్తున్నాం అన్నారు, ఇంకేముంది, 1979లో కేసు కొట్టేశారు. తీర్పు రాసిన జడ్జి కృష్ణయ్యర్ గారు మాత్రం ఊరికే కొట్టెయ్యలేదు, ఆడదాని పెళ్లితో వచ్చే రిస్కు మగాడి పెళ్లితో రాదా అని బాగా వాయించి, ఆవిడ సీనియారిటీ మళ్లీ చూడమని చెప్పి మరీ వదిలారు.

అందరికీ అంత తొందరగా తేలదు. మిలిటరీ నర్సు ఒకావిడని పెళ్లి చేసుకున్నందుకు 1988లో తీసేశారు. ఆ రూలు 1995లో పోయింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ట్రిబ్యునల్లో గెలిస్తే గవర్నమెంటు అప్పీలుకెళ్లింది. 2024లో సుప్రీంకోర్టు 60 లక్షలు ఇమ్మంది, అప్పటికి 36 ఏళ్లు.

ఆర్మీ పర్మనెంట్ కమిషన్ (కొన్నేళ్లకే పంపెయ్యకుండా రిటైరయ్యేదాకా ఆఫీసరుగా ఉంచడం) కేసయితే ఇంకా ఘోరం. 2003లో మొదలైంది, 2010లో ఢిల్లీ హైకోర్టులో ఆడ ఆఫీసర్లు గెలిచారు, మళ్లీ అప్పీలు, 2020లో గానీ సుప్రీంకోర్టు తేల్చలేదు. పల్లెటూళ్ల నుంచొచ్చే జవాన్లు ఆడవాళ్ల కమాండ్ ఒప్పుకోరని గవర్నమెంటు వాదించింది అక్కడ, పాపం జవాన్ల మీదకి తోసేసి. సరే గెలిచారు కదా అనుకుంటే మెడికల్ టెస్టు పెట్టారు. మగవాళ్లకి సర్వీసులో ఐదో ఏటో పదో ఏటో చూసే ఫిట్‌నెస్ వీళ్లకి నలభై దాటాక చూసి చాలామందిని పక్కనపెట్టారు. అప్పీలుతో పదేళ్లు లాగిందీ వాళ్లే, ఈలోపు వయసు పైబడితే ఫిట్‌గా లేవన్నదీ వాళ్లే. రూలు ఇద్దరికీ ఒకటేగా అంటే, అదీ వివక్షేనని 2021 మార్చిలో మళ్లీ కోర్టే చెప్పాల్సొచ్చింది.