సుంకి దగ్గర ఎర్ర చుక్కలు

సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటేనే తేడా తెలిసింది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. మాది పదేళ్ల పాత ఆటోమేటిక్ కారు. ఎలాగో ఒడిశాలోని సుంకి చేరి టీ కొట్టు పక్కన ఆపాను. మర్నాడు జయపురంలో మేనకోడలి పెళ్లి. చిన్నప్పుడు ఇదే సుంకిలో మా బస్సు డ్రైవర్ రేడియేటర్‌లో నీళ్లు పోస్తుంటే అందరం దిగి కొండలు చూసేవాళ్లం. ఈసారి కొండల వైపు చూడలేదు, కారు కిందే చూశాను.

నేల మీద ఎర్రటి చుక్కలు. వేలికి రాసుకుంటే జారుతోంది. కూలెంట్ అయితే నీళ్లలా పల్చగా ఉంటుంది, వాడిన ఇంజిన్ ఆయిల్ నల్లబడి ఉంటుంది. ఇది గేర్‌బాక్స్ ఆయిలే. ఊళ్లో గ్యారేజీకి ఫోన్ చేస్తే "గేర్‌బాక్స్ పోయుంటుంది, బండి ఎక్కించి తెచ్చేయండి" అన్నారు. విజయనగరానికి ఎనిమిది వేలు అడిగారు లారీవాళ్లు. తాడు కట్టి లాగించుకుందామంటే, ఇంజిన్ ఆగి ఉండగా ముందు చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్ లోపల ఆయిల్ అందదు, ఉన్నది కూడా పాడవుతుంది.

టీ కొట్టాయన సిమిలిగుడలో తనకు తెలిసిన మేస్త్రికి ఫోన్ కలిపాడు. "ఏటి బాబూ, ఎర్రగా ఉందా? బండి కదపకు" అన్న గొంతు వినగానే సగం టెన్షన్ పోయింది. అచ్చం సాలూరులో మా మావయ్య మాట. ఈ కోరాపుట్ ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోదే. రాష్ట్రం మారింది గానీ మాట పోలేదు.

మేస్త్రి బైకు మీద ఆయిల్ డబ్బాలు, గొట్టాలు తెచ్చాడు. నేను గేర్‌బాక్స్ అడుగున బాగా తడిసిన చోటు చూపించాను.

"తడి ఎక్కువున్న చోటు కాదు బాబూ, తడి మొదలైన చోటు చూడాలి. గాలికి ఆయిల్ ఎనక్కి కొట్టుకుపోద్ది."

ముందు రేడియేటర్ నీళ్లు చూశాడు. ఆయిల్ చల్లబడే కూలర్ మా కారులో రేడియేటర్ లోపలే ఉంటుంది. అది పగిలితే రెండూ కలిసి గులాబీ రంగు పాలలా అవుతాయి. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి. తర్వాత అడుగంతా గుడ్డతో తుడిచి, కింద అట్టపెట్టె పరిచి, బ్రేకు మీద ఉంచి అన్ని గేర్లూ మార్చమన్నాడు. టార్చి పట్టుకుని పది నిమిషాలు కదలకుండా పడుకున్నాడు. అంత ఓపిక ఏ గ్యారేజీలోనూ చూడలేదు నేను.

"ఇదిగో" అన్నాడు. రేడియేటర్ కింద, స్టీలు పైపుకి రబ్బరు గొట్టం తొడిగిన చోట, క్లిప్పు కింద ఒక ఎర్ర చుక్క ఊరుతోంది.

గొట్టం ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఉబ్బి, మెత్తబడిపోయి ఉంది. నీళ్లకు వాడే మామూలు గొట్టం. వేడి ఆయిల్‌కి ఆ రబ్బరు ఆగదు. రెండు నెలల కిందట రేడియేటర్ మార్చినప్పుడు వేసిందే అది, ఆరు వేలు తీసుకుని మరీ. ఒళ్లు మండిపోయింది. ఘాట్ మీద, పిల్లలు వెనక సీట్లో ఉండగా, ఆ గొట్టం ఊడిపోయి ఉంటే?

మేస్త్రి ఆయిల్‌కి ఆగే గొట్టాన్ని స్టీలు పైపు మీది ఉబ్బు దాటేదాకా తోసి, క్లిప్పు బిగించాడు. ఆ మోడల్‌కి పనికొచ్చే ఆయిలే, గరాటుతో కొంచెం కొంచెంగా పోశాడు. ఇంజిన్ వేడెక్కాక, పార్క్‌లో ఉంచి, ఆన్‌లో ఉండగానే ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూశాడు. ఎక్కువైనా నురగ వస్తుందట. మొత్తం లీటరున్నర పట్టింది. అన్నీ కలిపి రెండు వేల నాలుగు వందలు.

పెళ్లి బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే టీ కొట్టు దగ్గర ఆపి, తెల్ల గుడ్డతో ఆ జాయింటు తుడిచి చూశాను. పొడిగా ఉంది. పాత గొట్టం ముక్క కారులోనే దాచాను, సోమవారం గ్యారేజీ బల్ల మీద పెట్టాలి.